తేల్చేది శుక్రవారమా, కొండ మీదా?

ఆయన: నా వాదన చాలా చిన్నదమ్మా. అక్టోబరులో క్లబ్బు వారాంతం కొండలకి వెళ్లాలా వద్దా, వెళ్తే ఎంత ఎత్తు దాకా వెళ్లాలి అన్నది శుక్రవారం సాయంత్రం ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. ఇరవైమంది కార్లెక్కి, మూడు గంటలు ప్రయాణం చేసి, ఇంగ్లండు లేక్ డిస్ట్రిక్ట్‌లోని బారోడేల్ లోయలో హట్‌కి చేరి, పొద్దున్నే బూట్ల తాళ్లు బిగించుకున్నాక ఇంక తేల్చడానికి ఏం మిగులుతుంది? అప్పటికి అందరి మనసుల్లోనూ తేలిపోయే ఉంటుంది. పైకి ఎవరూ అనరంతే.

ఆమె: శుక్రవారం మీ చేతిలో ఉండేది సూచన మాత్రమే అన్నయ్యా. శనివారం పొద్దున నాకు ఎదురుగా కొండే ఉంటుంది. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్లు లేక్ డిస్ట్రిక్ట్‌కి రోజూ సూచన ఇస్తారు కదా, అందులో శిఖరాలు మబ్బు లేకుండా కనబడే అవకాశం ఎంత అని ఒక గడి ఉంటుంది. నలభై శాతం అని రాసి ఉందనుకుందాం. వెళ్లమన్నట్టా, మానమన్నట్టా? ఆ అంకెని చూసి ఇంట్లో ఉండిపోయేవాళ్లని చూశాను, ఎగిరి గంతేసినవాళ్లనీ చూశాను.

ఆయన: నేను ఆ గడి చూడను. అదే కాగితంలో గాలి మనిషి మీద ఎలా పనిచేస్తుందో చెప్పే గడి ఇంకొకటి ఉంది, నా చూపంతా దాని మీదే. మబ్బు కమ్మితే దారి తప్పుతాం, దానికి మ్యాపూ కంపాసూ ఉన్నాయి. వాన పడితే తడుస్తాం, దానికి జాకెట్ ఉంది. గాలికి మాత్రం సంచిలో పెట్టుకోగలిగేది ఏదీ లేదు. లెక్క చూడు. లోయలో పది డిగ్రీలు ఉందంటే, వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది కాబట్టి, తొమ్మిది వందల మీటర్ల గ్రేట్ గేబుల్ మీద నాలుగు. చలికోటు వేసుకుంటే నాలుగు డిగ్రీలు ఎవరికీ భయం కాదు. అక్కడ గంటకి యాభై మైళ్ల గాలి వీస్తే ఆ నాలుగు డిగ్రీలే ఒంటికి సున్నాకి నాలుగు డిగ్రీలు కింద ఉన్నట్టు తగులుతాయి. అందులో తడిసి ఉంటే చెప్పనక్కర్లేదు. చేతివేళ్లు జిప్పు లాగలేవు. మ్యాపు కవరు మొహానికి కొట్టుకుంటూ ఉంటుంది. పక్కనున్న మనిషికి ఒక మాట చెప్పాలంటే చెవిలో అరవాలి.

ఆమె: గాలి సంగతి ఒప్పుకుంటాను. దాని మీద నాకు పేచీ లేదు. నా పేచీ వేళతోటి. మన వైపు అక్టోబరు అంటే తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఎక్కడ దాటుతుందో రోజుల ముందే చెప్పారు, ఊళ్లు ఖాళీ చేయించారు. సముద్రం మీద పుట్టి, పెరిగి, దగ్గరికి వచ్చే ఒకే ఒక్క గండం అది. అలాంటప్పుడు ముందే తేల్చుకోవడం వివేకం, కాదనను. ఇక్కడ అట్లాంటిక్ మీది నుంచి ఒక వాన ఫ్రంట్ వెనక ఇంకొకటి వస్తూనే ఉంటాయి. వస్తుందని చెప్పగలరు. ఉదయం పదికి వస్తుందా, మధ్యాహ్నం ఒంటిగంటకా అన్న దగ్గర రెండు మూడు గంటలు అటూ ఇటూ అవుతుంది. మనకి ఆ రెండు మూడు గంటలే రోజంతా. శనివారం మొత్తం వాన అని శుక్రవారం రాత్రి అంతా నీరసపడిపోయి పడుకుంటే, పొద్దున్నే ఆకాశం కడిగినట్టు ఉండటం మీరు ఎరగరా?

ఆయన: ఎరుగుదును. దాని తిరగేసిన కథ కూడా ఎరుగుదును. పొద్దున్నే ఎండ చూసి పైకి పోయిన గుంపు, పదకొండింటికి ఆ రావలసింది వచ్చేసరికి ఎక్కడుంటుంది? సరిగ్గా రిడ్జ్ మీద.

ఆమె: ఇంకో సంగతి చెప్పనివ్వండి. బారోడేల్ చివరన ఉన్న సీత్‌వైట్‌లో ఏడాదికి దాదాపు 3500 మిల్లీమీటర్ల వాన. ఇంగ్లండులో మనుషులుండే చోట్లలో అంత వాన ఇంకెక్కడా లేదంటారు. నైరుతి నుంచి తేమ మోసుకొచ్చే గాలి అక్కడి కొండలకి కొట్టుకుని పైకి లేస్తుంది, మోసుకొచ్చిందంతా అక్కడే దించుతుంది. అదే లోయ కిందుగా కారులో అరగంట పోతే కెజిక్. అక్కడ ఇందులో సగం కూడా కురవదు. అంటే శనివారం పొద్దున స్కాఫెల్ పైక్ శిఖరం మీద కుండపోత అయితే, ఈ చివరన క్యాట్ బెల్స్ గుట్ట మీదో, వాల్లా క్రాగ్ మీదో, ఇంకా తూర్పుకి పోయి ఈడెన్ లోయలోనో హాయిగా నడవొచ్చు. క్లబ్బు వెళ్లిందంటే శిఖరానికే వెళ్లిందని ఎవరన్నారు? మీ నియమం వెళ్లడాన్నీ, ఎక్కడాన్నీ ఒక్క ముడి వేసేస్తోంది.

ఆయన: ఆ ముడి నేను వేసింది కాదు, మనుషుల్లోనే ఉంది. పొద్దున టిఫిన్ల దగ్గర పేర్లు రాసుకునే కాగితం తిరుగుతుంది చూడు, ఏ గ్రూపు, బీ గ్రూపు, సీ గ్రూపు అని. ఏ గ్రూపు పెద్ద కొండ, సీ గ్రూపు చెరువు గట్టు. వాన పడుతుంటే ఎంతమంది ఏ నుంచి సీకి పేరు మార్చుకుంటారు? మోకాలు నొప్పి అని ఒకరిద్దరు. తక్కినవాళ్లు కిటికీలోంచి చూస్తూ, ఒకరి మొహం ఒకరు చూస్తూ, ఇంకో కప్పు టీ తాగి బయల్దేరతారు. నువ్వూ నేనూ ఇద్దరమే అయితే తలుపు తీసి చూసి, వద్దులే అని మళ్లీ పడుకుంటాం. పదిమంది అయ్యేసరికి ఆ మాట ఎవరి నోటా రాదు. ఒంటరివాడికి ఉండే భయం గుంపుకి ఉండదు.

ఆమె: ఇది మీ వాదనలో అన్నిటికంటే గట్టిది.

ఆయన: నేను కనిపెట్టిందీ కాదు. అమెరికాలో ఇయాన్ మెక్‌కామన్ అనే ఆయన 1972 నుంచి 2003 దాకా మంచుచరియల కింద పడినవాళ్ల ప్రమాదాలు 715 తీసి చూశాడు. హెచ్చరికలు కళ్లముందు కనబడుతున్నా ముందుకు పోయిన సందర్భాలు కొల్లలు. తెలిసిన చోటే కదా అన్న ధీమా, అనుకున్నది చేసి తీరాలన్న పట్టు, పక్కవాళ్ల ముందు చిన్నబోకూడదన్న తాపత్రయం, వాళ్లని నడిపించినవి ఇవీ. మంచుచరియలు మన అక్టోబరులో లేవు. ఆ మూడూ మాత్రం మన హట్‌లో టిఫిన్ బల్ల దగ్గరే కూర్చుని ఉంటాయి. అందుకే ఆ బల్ల దగ్గరికి చేరకముందే, ఎవరి మొహం ఎవరూ చూడని వేళ తేల్చమంటున్నాను.

ఆమె: శుక్రవారం కమిటీ నలుగురూ ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు మొహమాటం ఉండదా? హట్‌కి కట్టిన డబ్బులు వెనక్కి రావు. సెలవు పెట్టుకున్నవాళ్లు ఉంటారు. పిల్లల్ని ఎవరింట్లోనో వదిలి వచ్చేవాళ్లు ఉంటారు. ఒత్తిడి అక్కడా ఉంది, ఇంకాస్త మర్యాదగా ఉంటుంది, అంతే తేడా.

ఆయన: డబ్బు సంగతి నిజమే. ఆ మాటకి జవాబు ఉంది. రద్దయితే హట్ అద్దె క్లబ్బు నిధి లోంచి పోవాలి, మనిషి మీద పడకూడదు. అద్దె కట్టేశాం కదా అని ఎవరూ కొండెక్కే పరిస్థితి రాకూడదు. ఇది నువ్వూ ఒప్పుకుంటావనుకుంటాను.

ఆమె: ఒప్పుకున్నాను, వచ్చే సమావేశంలో నేనే ప్రతిపాదిస్తాను. కానీ 1971 మాట ఎత్తుతారని ఇందాకటి నుంచి ఎదురుచూస్తున్నాను. ఎత్తరేం?

ఆయన: ఎత్తాలంటే మనసు రాదు. అయినా చెప్తాను. 1971 నవంబరు. ఎడిన్‌బరా బడిపిల్లలు వారాంతం స్కాట్లాండులోని కెయిర్న్‌గార్మ్ కొండల మీదికి వెళ్లారు. పీఠభూమి మీద మంచు తుపాను కమ్ముకుంది. చేరుకోవలసిన రాతి గుడిసె దొరకలేదు. బయటే రెండు రాత్రులు. ఐదుగురు పిల్లలు, వాళ్లతో వెళ్లిన పద్ధెనిమిదేళ్ల సహాయకురాలు చనిపోయారు. నాయకురాలూ, ఒక పిల్లవాడూ బతికారు. ఆ నాయకురాలికి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ తర్వాతే పిల్లల్ని కొండలకి తీసుకెళ్లేవాళ్లకి శిక్షణ, అర్హత అన్నవి ఈ దేశంలో గట్టిపడ్డాయి. అనుకున్న ప్రణాళికని పట్టుకుని ముందుకు పోవడం ఎక్కడికి తీసుకెళ్తుందో దానికంటే వేరే రుజువు కావాలా?

ఆమె: అదే విషాదం తర్వాత ఇంకో పెద్ద వాదన నడిచింది, అది మీరు చెప్పలేదు. పీఠభూమి మీద ఆపదలో తలదాచుకోడానికి కట్టిన గుడిసెలు ఉండేవి. ప్రాణాలు కాపాడటానికే కట్టారు వాటిని. పైన గుడిసె ఉంది కదా అన్న ధైర్యమే జనాన్ని చలికాలంలో అక్కడికి రప్పిస్తోందనీ, మబ్బులో దాన్ని వెతుక్కుంటూ చచ్చిపోతున్నారనీ ఒక పక్షం అంది. ఉండటమే మేలని ఇంకో పక్షం. చివరికి 1975లో కొన్నిటిని పీకేశారు. ఇప్పుడు చెప్పండి, మీ శుక్రవారం తీర్పు అలాంటి గుడిసె కాదా? ఫర్వాలేదు, వెళ్లొచ్చు అని కమిటీ అన్నాక శనివారం మధ్యాహ్నం గాలి పెరుగుతుంటే ఆకాశం వంక ఎవరు చూస్తారు? కమిటీ చూసేసింది కదా అనుకుంటారు.

(రాస్తున్నవాడి మాట ఒకటి. ఈ ప్రశ్నకి ఆయన వెంటనే జవాబు చెప్పి ఉంటే ఆయన మీద నాకు గురి తగ్గేది.)

ఆయన: అవును. ఆ ప్రమాదం ఉంది. సరే, నియమాన్ని ఇంకోలా రాస్తాను. శుక్రవారానికి కాదనే హక్కే ఉండాలి, అవుననే హక్కు ఉండకూడదు. ఫలానా అంకె దాటితే ఎత్తుకి పోవద్దు. దాటకపోతే కమిటీ ఏమీ అనదు, ఆశీర్వదించదు. శనివారం మీ కళ్లు మీవే.

ఆమె: కాదనడం ఒక్కటే తెలిసిన కమిటీకి రెండేళ్లు గడిచేసరికి కాదనడమే అలవాటవుతుంది. అవునన్నందుకు ప్రమాదం జరిగితే నింద పడుతుంది. కాదన్నందుకు ఏ నిందా పడదు, పోయేది ఒక వారాంతమే కదా. అలా అక్టోబరు పోతుంది, నవంబరు పోతుంది, మార్చి పోతుంది. జూన్‌లో ఎండలో నడిచే క్లబ్బు ఒకటి మిగులుతుంది. మన ఊళ్లో కార్తీక వనభోజనాలకి చినుకు పడుతుందేమో అని ఎవరైనా తేదీ మార్చుకుంటారా? ఉసిరి చెట్టు కింద విస్తరి వేసుకుని, మబ్బు వేస్తే పందిరి కిందికి జరుగుతారు.

ఆయన: ఆ పోలిక ఇక్కడ నిలవదు. ఉసిరి చెట్టు కింద తడిస్తే రెండు రోజులు తుమ్ముతారు. ఎస్క్ హాజ్ కనుమ మీద తడిసి, గాలికి ఆగిపోయి, శాండ్‌విచ్ తినడానికి పది నిమిషాలు కూర్చున్నవాడి మాట తడబడటం మొదలవుతుంది, తర్వాత కాలు తడబడుతుంది, ఆ తర్వాత నాకేం కాలేదంటాడు. నాకేం కాలేదని గట్టిగా అనేవాడి కోసమే ముందుగా ఆరంజ్ రంగు గుడారం సంచి తీసి పరిచి, అందర్నీ లోపలికి లాగి, ఒకరికొకర్ని ఆనించి కూర్చోబెట్టాలి. ఇది చేయగలిగినవాళ్లు మన ఇరవైమందిలో ఎంతమంది?

ఆమె: చేయగలిగేవాళ్లు ఎలా తయారవుతారు, ఎండాకాలంలోనా? నా అసలు భయం ఇదే అన్నయ్యా. మంచి రోజుల్లో మాత్రమే నడిచినవాళ్లకి మంచి రోజున మబ్బు దిగినా దిక్కు తెలియదు. స్కాఫెల్ పైక్ మీద జూలైలో మబ్బు దిగితే బారోడేల్ వైపు దిగాలనుకుని అవతలి వాస్‌డేల్ లోయ వైపు దిగినవాళ్ల కథలు ఎన్ని వినలేదు? వాళ్లు అదృష్టవంతులు, టాక్సీకి డబ్బులు పోసి కొండ చుట్టూ తిరిగి గంటకి పైగా కూర్చుని వస్తారు. అదృష్టం లేనివాళ్లు పియర్స్ గిల్‌లోకి దిగుతారు. ఆ ఇరుకు లోయలోంచి రక్షణ దళాలు ఎంతమందిని ఎత్తుకొచ్చాయో మీకు తెలుసు. వాళ్లకి లేకపోయింది సూచన కాదు, చెడ్డ రోజున పక్కన ఒక అనుభవజ్ఞుడితో నడిచిన అలవాటు. అది నేర్పడానికి క్లబ్బు కంటే మంచి చోటు ఏదుంది? ఒంటరిగా నేర్చుకోమందామా?

ఆయన: కాదు. క్లబ్బే నేర్పాలి. నేర్పడానికి గేబుల్ ఎందుకు? గాలి లేని మబ్బు రోజున నాలుగు వందల మీటర్ల గుట్ట మీదికి తీసుకెళ్లు. కంపాస్ చేతికిచ్చి అడుగులు లెక్కపెట్టించు. తప్పినా పది నిమిషాల్లో గోడో, గొర్రెల దొడ్డో తగులుతుంది. చీకట్లో నడిపించు, వానలో నడిపించు. గాలిలో నేర్పడానికి మాత్రం నేను ఒప్పుకోను. గాలిలో నేర్చుకునేదేమీ ఉండదు, ఓర్చుకోవడం తప్ప.

ఆమె: అది సగం నిజం. గాలిలో ఎప్పుడు వెనక్కి తిరగాలో నేర్చుకుంటారు. అది ఏ గుట్ట మీదా రాదు. స్టై హెడ్ కనుమ దగ్గర, రక్షణ దళం స్ట్రెచర్ పెట్టె ఉంటుంది చూడండి, దాని పక్కన నిలబడి పైన గేబుల్‌ని మబ్బు మింగేస్తుంటే చూసి, ఇంత దాకా వచ్చి కూడా సరే ఇవాళ్టికి చాలు అనడం ఉందే, అది ఒక్కసారి చేస్తేనే రెండోసారి చేయగలం. మీ శుక్రవారం ఆ ఒక్కసారిని లేకుండా చేస్తుంది.

ఆయన: బాగా చెప్పావు. ఎదురు చెప్పడానికి కష్టంగానే ఉంది. కాని స్టై హెడ్ దగ్గర వెనక్కి తిరిగిన గుంపులు నీకు తెలిసినట్టే, తిరగనివీ నాకు తెలుసు. 2008 తీసుకో.

ఆమె: మౌంటెన్ మారథాన్.

ఆయన: అక్టోబరు 25, ఇదే బారోడేల్. దాదాపు 2500 మంది జంటలు జంటలుగా కొండల మీదికి పరుగు తీశారు. గాలివాన వస్తుందని ముందే తెలుసు. మధ్యాహ్నానికి పోటీ ఆపేశారు. వాగులన్నీ పొంగాయి, రోడ్లు మునిగాయి. ఆ రాత్రి 1700 మందికి పైగా ఆచూకీ లేదని వార్తలు. హానిస్టర్ కనుమ దగ్గర పలకరాయి గని తలుపులు తెరిచి తడిసిన జనాన్ని లోపలికి రానిచ్చింది. ఒక్క రాత్రికి ఎన్ని దళాలు, ఎంతమంది పోలీసులు, ఎన్ని ఇళ్లవాళ్లు నిద్ర లేకుండా ఉన్నారో ఆలోచించు. ముందురోజు సాయంత్రం ఒక్కరు వద్దంటే పోయేది.

ఆమె: మర్నాటికి లెక్క తేలింది. ఒక్కరూ చనిపోలేదు. కొందరికి ఆసుపత్రిలో చికిత్స, అంతే. ఆచూకీ లేదని వార్తలు మొత్తుకుంటున్న వేళ వాళ్లలో చాలామంది గుడారం వేసుకుని, స్లీపింగ్ బ్యాగులో దూరి, నూడిల్స్ వండుకుని తింటున్నారు. ఎందుకంటే గుడారం, పడక, రెండు రోజుల తిండి, విజిల్, కంపాస్ లేకుండా ఆ పోటీలో గీత దాటనివ్వరు. అదే సంఘటనలోంచి నేను చదువుకునే పాఠం వేరు. శుక్రవారం తనిఖీ చేయవలసింది ఆకాశాన్ని కాదు, సంచిని. ప్రతివాళ్ల సంచీ నేల మీద బోర్లించి చూడండి. టార్చి ఉందా, దానికి బ్యాటరీ ఉందా, తడవకుండా చుట్టిన స్వెటర్ ఉందా, ప్యాంటు ఏ గుడ్డ?

ఆయన: ప్యాంటు మాట బాగా ఎత్తావు. ఈ రెండేళ్లలో మన క్లబ్బులో చేరినవాళ్లలో సగం మంది హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో చదువుకోడానికి వచ్చిన పిల్లలు. జీన్స్ వేసుకుని వస్తారు. తడిసిన జీన్స్ ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది, బరువెక్కి మోకాలు లేవనివ్వదు. ఆ సంగతి వాళ్లకి ఎవరు చెప్పారు? బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ ప్రకటన ఒకటి ఉంది, కొండల్లో గాయమో మరణమో సంభవించవచ్చు, ఆ ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకుని ఎవరి బాధ్యత వాళ్లే తీసుకోవాలి అని దాని సారాంశం. మన చేరిక ఫారం మీదా అది ఉంది, పిల్లలందరూ సంతకం పెట్టారు. ఎన్నడూ ఎనిమిది వందల మీటర్ల ఎత్తున గాలి దెబ్బ తినని పిల్లవాడు దేనికి ఒప్పుకున్నట్టు? నువ్వు చెప్పే స్వేచ్ఛ నీకూ నాకూ సరిపోతుంది. వాడికి అది సంతకమే.

ఆమె: అందుకు వాణ్ణి ఇంట్లో ఉంచుదామా?

ఆయన: మొదటి అక్టోబరులో సీ గ్రూపులో ఉంచుదాం.

ఆమె: వాడు ఊరుకుంటాడా? సీ గ్రూపులో చెరువు గట్టున నడిచి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చినవాడు, మరుసటి శనివారం గదిలో ఉండే ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని, క్లబ్బూ వద్దు ఎవరూ వద్దు అని ఫోన్లో మ్యాపు పెట్టుకుని హెల్వెల్లిన్ కొండ స్ట్రైడింగ్ ఎడ్జ్ రిడ్జ్ మీదికి పోతాడు. మనం వద్దన్న ప్రతి ఒక్కరూ ఇంట్లో కూర్చోరు. కొందరు మనం లేకుండా వెళ్తారు. మన గణాంకాల్లో వాళ్లు కనబడరు కాబట్టి మన నియమం పనిచేసిందని అనుకుంటాం.

ఆయన: ఉంటారు అలాంటివాళ్లు. వాళ్ల కోసం కూడా రాత్రి లేచి వెళ్లేది మౌంటెన్ రెస్క్యూవాళ్లే. ఈ లేక్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న దళాలన్నీ స్వచ్ఛందమే, పైసా తీసుకోరు. 2021 ఫిబ్రవరిలో రెడ్ స్క్రీస్ కొండ మీద గుడారం వేసుకున్న ఒకరికి గుండెలో నొప్పి అని కబురొస్తే వెళ్లిన దళ సభ్యుడు చీకట్లో జారి చాలా దూరం పడిపోయాడు. వెన్ను దెబ్బతింది. కొండ మీద తప్పు నిర్ణయం వెల ఆ నిర్ణయం చేసినవాళ్లే కట్టరమ్మా. నాకు శుక్రవారం గుర్తొచ్చేది ఆయనే.

ఆమె: నాకూ గుర్తొస్తాడు. దాని మీద వాదించలేను, వాదించను. ఒక్క మాట మాత్రం చెప్తాను. ఆ దళాలవాళ్లు ఎవరూ జనాన్ని ఇంట్లో కూర్చోమనరు. ఆరు విజిళ్లు ఎలా ఊదాలో, ఒక నిమిషం ఆగి మళ్లీ ఎలా ఊదాలో, 999కి ఫోన్ చేసి ముందు పోలీసుల్ని అడగాలని, ఇవి నేర్చుకుని రమ్మంటారు. రావద్దనరు.

ఆయన: వాళ్లు మర్యాదస్తులు.

ఆమె: నవంబరులో రిమెంబరెన్స్ ఆదివారం గేబుల్ మీదికి ఎంతమంది వెళ్తారో చూశారు కదా. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తమ సభ్యుల జ్ఞాపకంగా ఫెల్ అండ్ రాక్ క్లైంబింగ్ క్లబ్ ఆ కొండల్ని కొని 1923లో నేషనల్ ట్రస్టుకి ఇచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో శిఖరం మీద కంచు ఫలకం పెట్టారు. అప్పటి నుంచీ నవంబరులో జనం ఎక్కుతున్నారు. మంచు పడినా, వడగళ్లు పడినా, ఏమీ కనబడని మబ్బులోనూ వందలమంది ఆ రాళ్ల మధ్య రెండు నిమిషాలు నిలబడతారు. అది ఒక క్లబ్బు చేసిన పని. శుక్రవారం ఫోన్లో తేల్చుకునే క్లబ్బుకి ఇలాంటిది చేతనవుతుందా?

ఆయన: అక్కడికి వెళ్లే ముసలివాళ్లని అడుగు. ఎన్నిసార్లు స్టై హెడ్ దగ్గరే ఆగి, అక్కడే టోపీ తీసి నిలబడ్డారో చెప్తారు.

ఆమె: ఆగింది స్టై హెడ్ దగ్గర. ఇంట్లో కాదు.

ఆయన: సరే, పట్టు. ఒక్కో అంశం తీసుకుందాం. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. శనివారం సాయంత్రం ఆరింటికి కాస్త ముందు అస్తమించిన సూర్యుడు ఆదివారం ఐదింటికి ముందే పోతాడు. శనివారం ఆరు దాకా నడిచినవాళ్లు ఆదివారమూ అలాగే లెక్క వేసుకుంటారు. నెయిస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఎన్ని మైళ్లకి, ఎన్ని అడుగుల ఎత్తుకి ఎంతసేపో చెప్తుంది, గంటకి మూడు మైళ్లు, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఇంకో అరగంట. అది చలాకీ మనిషి లెక్క. తడిసిన పదిమంది లెక్క కాదు. అందుకని వెనక్కి తిరిగే వేళ ముందే రాయాలి. శిఖరం యాభై అడుగుల దూరంలో ఉన్నా సరే.

ఆమె: పూర్తిగా ఒప్పుకుంటాను. గడియారం వెనక్కి తిప్పితే పొద్దు కూడా గంట ముందే పొడుస్తుంది, ఆ గంట ముందే లేవమని కూడా రాయండి. మనవాళ్లు ఆ భాగం మర్చిపోతారు.

ఆయన: రాస్తాను. గాలి అంకె కూడా రాయాలి. ఎనిమిది వందల మీటర్ల ఎత్తులో విసురు గంటకి నలభై మైళ్లు దాటుతుందని శుక్రవారం సూచన చెప్తే ఏ గ్రూపు లేదు.

ఆమె: వారాంతం ఉంటుంది. ఏ గ్రూపు ఉండదు. మీరు ఇందాక రద్దన్నారు.

ఆయన: నలభై దాటితే ఏ గ్రూపు ఉండదు. అరవై దాటితే రద్దు. లోయలో రోడ్డు మీద చెట్లు పడతాయి.

ఆమె: అరవైకి సరే. నలభై అంకె మాత్రం కాగితం మీద వద్దు. ముప్ఫై తొమ్మిది అని వస్తే అందరూ నిశ్చింతగా పైకి పోతారు. గుడిసె సంగతి మళ్లీ మొదలు. బదులుగా ఇది రాయండి. గుంపులో ఎవరైనా ఒక్కరు వెనక్కి అంటే గుంపంతా వెనక్కి. ఎందుకని అడగకూడదు, తర్వాత ఆటపట్టించకూడదు.

ఆయన: ఆ ఒక్కరు ఎవరు? ఏ గ్రూపులో ఉన్న కొత్త పిల్లవాడే కదా అందరికంటే ముందు చలి పట్టేది. వాడు అంటాడా? పెద్దవాళ్ల ముందు నోరు విప్పకూడదని ఇరవై ఏళ్లు నేర్పి పంపించాం మనం. నీకు ఎదురు చెప్పడం వాడికి చేతకాదు, నువ్వు ఎంత చనువిచ్చినా.

ఆమె: అయితే వాడి చేతికే గడియారం ఇద్దాం. తిరిగే వేళ చెప్పే పని వాడిది. చెప్పడం వాడి ఇష్టం కాదు, ఉద్యోగం.

ఆయన: గడియారం చెప్తుంది. గాలి సంగతి గడియారం చెప్పదు. ఆ బరువు వాడి మీద పెట్టకు. నాయకులు మోయలేకపోతున్నదే అది.

ఆమె: మీరు ఎక్కడ నడుస్తారు?

ఆయన: చివరన. వెనకబడేవాళ్లకి ముందు తోడు కావాలి. వెనక్కి తిరుగుదాం అన్న మాట పుడితే అక్కడే పుడుతుంది.

ఆమె: ఆ గాలిలో చివర పుట్టిన మాట ముందున్న నాకు వినబడదన్నయ్యా. మధ్యలో నడవండి.

ఆయన: మధ్యలో నడిస్తే చివర ఎవరు ఆగిపోయారో నాకు కనబడదు.